ఉద్దానం కిడ్నీ స్కానింగ్‌తో తొలి ఇమేజింగ్ పరిశోధన: శ్రీకాకుళం, విజయనగరం యువ పరిశోధకులకు మార్గదర్శి

రేడియాలజీ పీజీలో చేరి థీసిస్ అంశం వెతుక్కుంటున్న డాక్టర్లు, ఎంటెక్ లేదా పీహెచ్‌డీ చేస్తూ మెడికల్ ఇమేజింగ్ వైపు చూస్తున్న ఇంజినీర్లు, కాలేజీలో కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్లు: ఈ మార్గదర్శి వీళ్ల కోసం. చాలామంది మొదలుపెట్టే తీరు ఒక్కటే. ఇంటర్నెట్‌లో దొరికే స్కాన్‌ల డేటా దించుకోవడం, దాని మీద ఒక డీప్ లెర్నింగ్ మోడల్ (ఉదాహరణలు చూసి తానే నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్) నడపడం, కచ్చితత్వం ఎక్కువగా వచ్చిందని పేపరు రాసేయడం. దాంతో కోడింగ్ అలవాటవుతుంది గానీ, ఆ పేపరు మన జిల్లా ఆసుపత్రిలో ఎవరికీ అక్కరకు రాదు. అదే పని మనకన్నా పెద్ద కంప్యూటర్లున్న చోట్ల ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది.

నా సలహా వేరు. తొలి పరిశోధనకు మోడల్ వద్దు, కొలత తీసుకోండి. ఇక్కడి రోగుల నుంచి పుట్టిన ప్రశ్న ఒకటి పట్టుకుని, దానికి స్కానింగ్ ఇచ్చే అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చండి. ఖర్చు తక్కువ, పీజీ కాలంలో పూర్తవుతుంది, తర్వాత ఏ పెద్ద పని చేసినా దీని మీదే నిలబడుతుంది. ఉదాహరణకు ఉద్దానం కిడ్నీ జబ్బునే తీసుకుంటాను.

ప్రశ్నను చిన్నది చేయండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో రెండు దశాబ్దాలకు పైగా కనిపిస్తున్న ఈ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. నీళ్లలోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో పనిచేసి ఒళ్లు ఎండిపోవడం, నొప్పి మాత్రలు అంటూ చాలా అనుమానాలున్నాయి. రుజువైనది ఒక్కటీ లేదు. కుర్ర పరిశోధకుడికి వెంటనే కలిగే కోరిక "స్కానింగ్‌తో కారణం కనిపెడదాం" అని. అది కుదరదు. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ పొడవు, కార్టెక్స్ (కిడ్నీ వెలుపలి పొర) మందం, తెల్లదనం, రాయి, మూత్రం అడ్డుపడి ఉబ్బడం కనిపిస్తాయి. కిడ్నీ కుంచించుకుపోయి తెల్లగా కనబడితే జబ్బు పాతదని చెప్పవచ్చు. ఏ కారణంతో వచ్చిందన్నది ఆ బొమ్మ చెప్పదు. షుగరు, బీపీ ముదిరినా చివరికి కిడ్నీ దాదాపు ఇలాగే కనబడవచ్చు.

మరి అడగదగ్గ ప్రశ్న ఎలా ఉండాలి? "ఒకే రోగి కిడ్నీ పొడవును ఇద్దరు సోనాలజిస్టులు (అల్ట్రాసౌండ్ చేసే డాక్టర్లు) విడివిడిగా కొలిస్తే తేడా ఎంత వస్తుంది?" విని నవ్వుకునేవాళ్లుంటారు, ఇంత చిన్నదా అని. కానీ నిరుడు 9.2 సెంటీమీటర్లు ఉన్న కిడ్నీ ఈ ఏడు 8.8 అయిందని రిపోర్టు వస్తే, అది నిజంగా తగ్గిందా, లేక కొలిచిన చెయ్యి మారిందా? ఈ సంగతి తేలకుండా జబ్బు ముదురుతున్న వేగం గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

విజయనగరం వైపు వాళ్లకు ఇంకో దారి ఉంది. ఏజెన్సీ గిరిజన పిల్లల్లో సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే) జబ్బుంది. ఆ పిల్లలకు తల లోపలి రక్తనాళాల డాప్లర్ (రక్త వేగాన్ని చూపే అల్ట్రాసౌండ్) చేసి, రక్త వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే పక్షవాతం ముప్పు ఎక్కువని లెక్కిస్తారు. ఇక్కడా తొలి ప్రశ్న అదే: ఆ 200ను మీ మెషీన్ మీద, మీ చేతులతో ఎంత నిలకడగా కొలవగలరు?

జోడీ కట్టండి

ఇంజినీరు ఒక్కడూ ఈ పని చేయలేడు. డాక్టరు ఒక్కరే చేస్తే లెక్కల దగ్గర ఆగిపోతారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ మెడికల్ కాలేజీలు, రాగోలు జెమ్స్, నెల్లిమర్ల మిమ్స్ ఒకపక్క ఉన్నాయి. విజయనగరం జేఎన్‌టీయూ, రాజాం జీఎంఆర్ ఐటీ, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఇంకోపక్క ఉన్నాయి. బస్సులో పోయివచ్చే దూరంలో ఉండి కూడా ఈ రెండు పక్షాలు కలిసేది తక్కువ.

రేడియాలజీ విభాగానికి వెళ్లేటప్పుడు "డేటా ఇవ్వండి మేడమ్" అని మొదలుపెట్టకండి. ఉదయం ఓపీ వేళ అసలే వెళ్లకండి. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లి, స్కానింగ్ గదిలో ఒక మూల కూర్చుని కొన్నాళ్లు పని చూస్తామని అనుమతి అడగండి. రోగులు ఒప్పుకుంటేనే లోపల ఉండండి, మీ ఫోను బయటే పెట్టండి. ఏ కొలత తొందరలో జరుగుతోందో, ఏది రాయకుండానే వదిలేస్తున్నారో అప్పుడు తెలుస్తుంది. పేపర్లు చదివితే దొరకని ప్రశ్నలు అక్కడ దొరుకుతాయి.

పేపరు మీద ఎవరి పేరు ముందు, ఎవరిది చివర అన్న సంగతి ఈ దశలోనే మాట్లాడుకుని మెయిల్‌లో రాసి పెట్టుకోండి. మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం హెచ్‌ఓడీ (విభాగాధిపతి) అయినంత మాత్రాన రచయిత కారు. పనిలో గట్టి పాలు ఉండాలి, రాతలో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే బాధ్యత పడాలి. ఇదంతా మొదట్లో అడగడానికి మొహమాటంగా ఉంటుంది, చివర్లో అడిగితే గొడవవుతుంది.

అనుమతులు: ఒక్క ఇమేజ్ తీసేముందే

మొదటిది ఎథిక్స్ కమిటీ, అంటే రోగులతో చేసే పరిశోధన న్యాయమైనదో కాదో ముందే చూసి అనుమతించే బృందం. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలే ఇక్కడ ఆధారం. కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగంలో నమోదై ఉందో లేదో కనుక్కోండి. ఇంజినీరింగ్ కాలేజీలో అలాంటి కమిటీ లేకపోతే, జోడీగా ఉన్న మెడికల్ కాలేజీ కమిటీ ద్వారానే వెళ్లాలి. "పాత స్కాన్‌లే కదా, సమ్మతి ఎందుకు" అని మీకు మీరే తీర్పు చెప్పుకోకూడదు. సమ్మతి మినహాయింపు అడగవచ్చు, ఇచ్చేది మాత్రం కమిటీయే. పైలట్ పేరుతో ముందే నాలుగు ఇమేజ్‌లు తీసి పెట్టుకోవడం కూడా ఉల్లంఘనే.

రెండోది, ఇంజినీర్లకు తట్టనిది, పీసీపీఎన్‌డీటీ చట్టం. మీరు కొలిచేది కిడ్నీ అయినా మెషీన్ అల్ట్రాసౌండ్ కాబట్టి, పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పడాన్ని నిషేధించే 1994 నాటి ఈ చట్టం వర్తిస్తుంది. మెషీన్ నమోదై ఉండాలి, ప్రోబ్ (ఒంటి మీద ఆనించే పరికరం) పట్టుకునేవారికి చట్టం చెప్పిన అర్హత ఉండాలి. పోర్టబుల్ మెషీన్‌ను కారులో వేసుకుని కవిటిలో క్యాంపు పెడదామనుకుంటే ఆగండి. మెషీన్‌ను నమోదైన చోటు నుంచి బయటికి తీయడం మీద 2012 నుంచి గట్టి ఆంక్షలున్నాయి. ఫోనుకు తగిలించే చిన్న ప్రోబ్‌కైనా ఇదే లెక్క. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కార్యాలయంలో ముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. తొలి అధ్యయనానికైతే రోగులనే ఆసుపత్రికి రప్పించి, దారి ఖర్చులివ్వడం మేలు.

గర్భిణులను ఈ అధ్యయనంలో చేర్చకండి. వాళ్లకు స్కానింగ్ చేస్తే ఆ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాలన్నది ఒక కారణం. కడుపుతో ఉన్నప్పుడు కిడ్నీ కొంత ఉబ్బడం మామూలు, కొలతలు కలగాపులగమవుతాయన్నది రెండోది.

ఎక్స్‌రే, సీటీ మీద పని చేసేవాళ్లకు అణుశక్తి నియంత్రణ బోర్డు లైసెన్సు నిబంధనలున్నాయి. అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐలకు ఆ బెడద లేదు. విదేశీ విశ్వవిద్యాలయంతో కలిసి చేస్తూ, వాళ్ల నుంచి డబ్బు తీసుకున్నా, వాళ్లకు డేటా పంపినా ఆరోగ్య మంత్రిత్వశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. దానికి వ్యవధి పడుతుంది కాబట్టి తొలి పనిలో పెట్టుకోవద్దు.

సమ్మతి అంటే సంతకం కాదు

ఉద్దానంలో తిరిగిన ఏ పరిశోధకుడికైనా ఎదురయ్యే మాట ఇది: "ఇంతకుముందూ రకతం తీసుకెళ్లినారు బాబూ, ఏటొచ్చిందో ఎవులూ సెప్పనేదు." ఆ మాటలో న్యాయముంది. ఎన్నో బృందాలు వచ్చాయి, నీళ్లు, నెత్తురు, మూత్రం పట్టుకెళ్లాయి. ఇచ్చినవాళ్లకు తిరిగొచ్చింది తక్కువ. మీ సమ్మతి పత్రం ఈ అనుభవానికి జవాబు చెప్పాలి.

పత్రం ఇంగ్లిషులో రాసి తెలుగు చేయించకండి. మాట్లాడే తెలుగులోనే రాయండి. ఇలా: "మీ పొట్ట మీద, నడుము పక్కన జెల్ రాసి కిడ్నీల పొడవు కొలుస్తాం. సూది ఉండదు, నొప్పి ఉండదు. ఇద్దరు డాక్టర్లు ఒకరి తర్వాత ఒకరు చూస్తారు, అందుకని అరగంట దాకా పడుతుంది. ఇది వైద్యం కాదు, దీనివల్ల మీ జబ్బు నయం కాదు. మీరు వద్దన్నా ఇక్కడ మీకు అందే వైద్యంలో తేడా రాదు. స్కానింగ్‌లో ఏం కనబడిందో ఆ రోజే కాగితం మీద రాసిస్తాం." చదవలేనివాళ్లకు చదివి వినిపించాలి. పరిశోధన బృందంతో సంబంధం లేని సాక్షి ఒకరు పక్కన ఉండాలి. ఆ తర్వాతే వేలిముద్ర.

పత్రంలోని చివరి వాక్యం నిలబెట్టుకోవాలంటే ఏర్పాటు ముందే ఉండాలి. వెతకని రాయి కనబడవచ్చు, కిడ్నీలో గడ్డ కనబడవచ్చు. అలాంటి రోగిని ఎవరి దగ్గరికి పంపాలో, అధ్యయనం తీరును వివరించే ప్రొటోకాల్‌లో డాక్టరు పేరుతో సహా రాసి పెట్టండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి అందుబాటులో ఉంది కాబట్టి, పంపడానికి చోటు లేదనే సాకు ఇప్పుడు చెల్లదు. జీడి బట్టీలోనో కొబ్బరి తోటలోనో పని మానుకుని వచ్చినవారికి దారి ఖర్చుతో పాటు ఆ పూట కూలి కూడా లెక్కగట్టి, కమిటీ అనుమతితో ఇవ్వండి.

స్కాన్ చేసే తీరును కాగితం మీద పెట్టండి

తొలి అధ్యయనాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అల్ట్రాసౌండ్ మెషీన్ దూరాన్ని నేరుగా కొలవదు. శబ్దం వెళ్లి తిరిగొచ్చిన కాలాన్ని చూసి, ఒంట్లో శబ్దవేగం సెకనుకు 1540 మీటర్లని అనుకుని దూరం లెక్కగడుతుంది. అందులో ఉండే చిన్న తేడాను మీరు తప్పించలేరు. మీ చేతిలో ఉన్నవాటిని మాత్రం బిగించాలి.

రోగి వెల్లకిలా పడుకోవాలా, పక్కకు తిరగాలా? కుడి కిడ్నీని కాలేయం కిటికీగా చూస్తారు, ఎడమదానికి తరచు కుడి పక్కకు తిప్పాల్సి వస్తుంది. అందరికీ ఒకే భంగిమ రాయండి. ఊపిరి గట్టిగా పీల్చి ఆపమనాలా వద్దా రాయండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా అత్యధిక పొడవు వచ్చేలా మూడుసార్లు కొలిచి, సగటు తీసుకుంటారా, పెద్దది తీసుకుంటారా ముందే నిర్ణయించండి. మెషీన్ మోడల్, ప్రోబ్, ప్రీసెట్ (మెషీన్‌లో ముందే ఉండే అమరిక) పేరు ప్రతి రోగి ఫారంలోనూ ఉండాలి.

తెల్లదనం దగ్గర ఇంకా జాగ్రత్త. కుడి కిడ్నీ కార్టెక్స్‌ను కాలేయంతో పోల్చి "పెరిగింది" అని రాయడం రివాజు. కాలేయానికి కొవ్వు పట్టి ఉంటే కాలేయమే తెల్లగా మారుతుంది, పోలిక దెబ్బతింటుంది. బొమ్మ వెలుగును పెంచే గెయిన్ నాబ్ కొంచెం తిప్పినా తెల్లదనం మారిపోతుంది. అందుకే రెండు మెషీన్ల ఇమేజ్‌లలోని పిక్సెల్ విలువలను నేరుగా పోల్చిన పేపర్లను నేను నమ్మను.

ఇద్దరు సోనాలజిస్టులు పాల్గొంటే, మొదటివారు ఆపిన ఇమేజ్ మీద రెండోవారు కాలిపర్ (తెర మీద కొలిచే గీత) పెట్టడం ఒక రకం అధ్యయనం. ప్రోబ్ తీసేసి, రెండోవారు మొదటి నుంచి స్కాన్ చేయడం ఇంకో రకం. మొదటిది చూపేది గీత ఎక్కడ పెట్టారన్న తేడా మాత్రమే. రోజూ ఆసుపత్రిలో ఎదురయ్యే తేడా రెండోది, అదే చేయండి. ఒకరి అంకె ఇంకొకరికి కనబడకూడదు. ఎవరు ముందు చూడాలన్నది చీటీ తీసి తేల్చండి. కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ రిపోర్టు ఇద్దరి కంటా పడకూడదు, ఎక్కువుందని తెలిస్తే కిడ్నీ చిన్నగానే కనబడుతుంది!

ఇంకొక మాట. క్యాంపులో ఒక్కసారి క్రియాటినిన్ ఎక్కువ వచ్చినంత మాత్రాన దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనకూడదు. ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం అంచనా) 60 కన్నా తక్కువగా, లేదా కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు, మూడు నెలలకు పైగా ఉండాలి.

పేర్లు తీసేయడం

స్కాన్‌లను డైకామ్ (మెడికల్ ఇమేజ్‌ల ప్రామాణిక రూపం) ఫైళ్లుగానే తీసుకోండి. థర్మల్ ప్రింటును ఫోనులో ఫోటో తీసినవి, వాట్సాప్‌లో వచ్చినవి పనికిరావు. కుదింపులో వివరం పోతుంది, కొలత స్కేలు పోతుంది, పైగా రోగి పేరు పది ఫోన్లకు పాకుతుంది.

డైకామ్ ఫైలు లోపల పేరు, ఐడీ, పుట్టిన తేదీ వేర్వేరు ట్యాగుల్లో ఉంటాయి. పైడైకామ్ అనే ప్రోగ్రామింగ్ లైబ్రరీతో వాటిని చెరిపేయడం తేలికే. చిక్కు ఏమిటంటే, అల్ట్రాసౌండ్‌లో పేరు బొమ్మ మీదే అచ్చయి ఉంటుంది. ట్యాగులు ఎన్ని తుడిచినా పై పట్టీలో పేరు, ఆసుపత్రి, తేదీ అలాగే మిగులుతాయి. ఆ పట్టీని పిక్సెల్ స్థాయిలో నల్లగా కప్పాలి. మెషీన్‌ను బట్టి పట్టీ చోటు మారుతుంది కనుక, ప్రోగ్రామ్ నడిపాక ప్రతి ఇమేజ్‌ను కంటితో చూడాల్సిందే. కంపెనీలు సొంతంగా చేర్చుకునే ప్రైవేట్ ట్యాగులనూ, ఫైలు పేరునూ మరవద్దు.

పేరు తీసేసినా ఊరి పేరు, వయసు, డయాలసిస్ మొదలైన తేదీ ఉంటే చిన్న ఊళ్లో మనిషి ఇట్టే తెలిసిపోతాడు. ఊరికి బదులు మండలం రాయండి, తేదీలను ఒక్కో రోగికి ఒక్కో లెక్కన జరపండి. అసలు పేరుకూ కోడ్‌కూ ముడిపెట్టే పట్టిక ఆసుపత్రిలోనే, డాక్టరు అధీనంలో ఉండాలి. ఇంజినీరు ల్యాప్‌టాప్‌లో కాదు.

రికార్డులు కలిపేటప్పుడు పేరును నమ్ముకోకండి. మన జిల్లాల్లో అప్పలరాజు, అప్పలనాయుడు, లక్ష్మి అన్న పేర్లు ఒకే రోజు ఓపీలో నలుగురైదుగురికి ఉంటాయి. ఒకరి క్రియాటినిన్ ఇంకొకరి స్కాన్‌కు అతుక్కుంటే ఏ గణితమూ దాన్ని పట్టుకోలేదు. ఆసుపత్రి నంబరుతోనే కలపండి.

లెక్క

ఇద్దరి అంకెల మధ్య కోరిలేషన్ (అవి కలిసి పెరిగి తగ్గే తీరు) 0.95 వచ్చిందని సంబరపడకండి. ఒకరు ప్రతి కిడ్నీనీ ఐదు మిల్లీమీటర్లు ఎక్కువ కొలిచినా కోరిలేషన్ తగ్గదు. ఇక్కడ కావాల్సింది 1986 నుంచి వాడుకలో ఉన్న బ్లాండ్-ఆల్ట్‌మన్ పద్ధతి. ప్రతి రోగికీ ఇద్దరి తేడా లెక్కగట్టండి. ఆ తేడాల సగటు, ప్రామాణిక విచలనం (తేడాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) తీయండి. సగటుకు 1.96 రెట్ల విచలనం కలిపితే పై హద్దు, తీసేస్తే కింది హద్దు. తేడాలు దాదాపుగా ఈ రెంటి మధ్యే ఉంటాయి.

ఊహకు అంకెలు వేసుకుందాం. సగటు తేడా 2 మిల్లీమీటర్లు, విచలనం 4 అనుకోండి. హద్దులు సుమారు −6 నుంచి +10 మిల్లీమీటర్లు. అంటే ఈ ఇద్దరు డాక్టర్ల చేతుల్లో, కిడ్నీ 4 మిల్లీమీటర్లు తగ్గిందన్న రిపోర్టుకు అర్థం లేదు. పైన చెప్పిన 9.2, 8.8 కథ అక్కడితో తేలిపోయింది.

రోగుల సంఖ్య కూడా దీన్నుంచే వస్తుంది. ఒక్కో హద్దు ప్రామాణిక దోషం, 3ను రోగుల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీసి, విచలనంతో గుణిస్తే వస్తుంది. ఆ దోషాన్ని 1.96తో గుణిస్తే, పై లెక్కలో 30 మందైతే హద్దు అటూ ఇటూ రెండున్నర మిల్లీమీటర్లు ఊగుతుంది. 100 మందైతే ఊగేది దాదాపు 1.4. ఎథిక్స్ కమిటీలో "వందే ఎందుకు?" అని అడిగితే చెప్పాల్సిన జవాబు ఇదే. ఒక రోగికి రెండు కిడ్నీలుంటాయి గనుక వందమందిని రెండువందల నమూనాలుగా చూపించకండి. కుడి, ఎడమ విడివిడిగా లెక్కగట్టండి.

మోడల్ కావాల్సిందేనంటే

ఇంజినీరు మిత్రులకు ఇంత చెప్పినా చెయ్యి ఊరుకోదని తెలుసు. సరే, కిడ్నీ హద్దు గీసే సెగ్మెంటేషన్‌తో మొదలుపెట్టండి. ఈ పని చేసే ఎన్ఎన్‌యూ-నెట్ ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, అది చాలు. కిడ్నీ గడ్డల సీటీ డేటా కిట్స్19 పేరుతో అందరికీ అందుబాటులో ఉంది గానీ, సీటీ మీద నేర్చిన మోడల్‌ను అల్ట్రాసౌండ్ మీద పెట్టి ఫలితం ఆశించవద్దు.

డేటాను మోడల్ శిక్షణకు, పరీక్షకు రోగులవారీగా విడదీయండి, ఇమేజ్‌లవారీగా కాదు. ఒకే రోగి కుడి కిడ్నీ శిక్షణలో, ఎడమ కిడ్నీ పరీక్షలో ఉంటే అది పరీక్ష కాదు, చూచిరాత. ఇంకో ఉచ్చు ఉంది. జబ్బున్న స్కాన్‌లన్నీ పలాస మెషీన్‌వి, ఆరోగ్యవంతులవన్నీ శ్రీకాకుళం మెషీన్‌వి అయితే, మోడల్ నేర్చుకునేది మెషీన్‌ను గుర్తుపట్టడమే. ఇది ఊహ కాదు. 2018లో ఛాతీ ఎక్స్‌రేల మీద చేసిన అధ్యయనంలో మోడల్ ఆ ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో దాదాపు తప్పు లేకుండా పసిగట్టింది. 2021లో కొవిడ్ ఇమేజింగ్ మోడళ్లను వడగట్టి 62 పేపర్లను లోతుగా చూసినవాళ్లకు, ఆసుపత్రిలో వాడదగ్గది ఒక్కటీ దొరకలేదు.

రాయడం, పంపడం, డబ్బు

పేపరులో ఏయే వివరాలు ఇవ్వాలో చెప్పే జాబితాలున్నాయి: ఇద్దరి కొలతలు ఎంత కలుస్తాయో చూసే అధ్యయనాలకు 2011 నాటి గ్రాస్, జబ్బు నిర్ధారణ అధ్యయనాలకు 2015 నాటి స్టార్డ్, ఏఐ ఇమేజింగ్‌కు క్లెయిమ్. రాయడం మొదలుపెట్టాక కాదు, ప్రొటోకాల్ రాసేటప్పుడే వాటిని ముందు పెట్టుకోండి. అప్పుడే ఏ వివరం సేకరించాలో తెలుస్తుంది. "వారంలో ప్రచురిస్తాం" అంటూ మెయిల్ పెట్టే జర్నల్‌కు డబ్బు కట్టకండి. ప్రభుత్వ కాలేజీల్లో ఉన్నవాళ్లకు 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద పెద్ద ప్రచురణకర్తల జర్నళ్లు చదివే వీలుంది, లైబ్రేరియన్‌ను అడగండి.

కొలత అధ్యయనానికి పెద్ద గ్రాంటు అక్కర్లేదు. రోగుల దారి ఖర్చులు, కూలి, ఒక మంచి హార్డ్ డిస్క్ సరిపోతాయి. ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ఉంది. కొత్త అధ్యాపకులు కేంద్ర ప్రభుత్వ పరిశోధన నిధుల సంస్థ అనుసంధాన్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటుకు ప్రయత్నించవచ్చు. చేతిలో ఒక పూర్తయిన కొలత అధ్యయనం ఉంటే ఆ దరఖాస్తు బరువే వేరు.

పేపరు అంగీకారమయ్యాక ఒక పేజీ తెలుగు సారాంశం రాసి, స్థానిక పీహెచ్‌సీ డాక్టరుకూ, ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకూ ఇవ్వండి. పాల్గొన్నవాళ్లను వాళ్లకు వీలైన పూట కూర్చోబెట్టి చెప్పండి. ఆ సమావేశంలోనే, ఏడాది తర్వాత మళ్లీ స్కానింగ్‌కు రాగలరా అని అడిగి, ఒప్పుకున్నవారి జాబితాను ఆసుపత్రి దగ్గరున్న కోడ్ పట్టికలో గుర్తు పెట్టించండి. రెండో అధ్యయనానికి ఎథిక్స్ కమిటీకి పెట్టే దరఖాస్తులో, కిడ్నీ ఎన్ని మిల్లీమీటర్లు తగ్గితే నిజంగా తగ్గినట్టో చెప్పే గడిలో ఈసారి మీ సొంత అంకె వేయండి.